పెళ్లి, పిల్లలు, ఉద్యోగం తర్వాత బీఎస్సీ నర్సింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నర్సింగ్ ట్యూటర్లకు ఫోన్లు మొదలవుతాయి. అమ్మాయికి సీటు ఎలా వస్తుంది, ఫీజు ఎంత అని తల్లులు అడుగుతారు. అన్నీ అయ్యాక కాస్త గొంతు తగ్గించి, "మేడమ్, ఈ వయసులో నేను చేరొచ్చా?" అంటారు. అసలు ఫోన్ చేసింది అందుకేనని అప్పుడు అర్థమవుతుంది. వాళ్లతోపాటు ఆసుపత్రుల్లో అసిస్టెంట్లుగా చేస్తున్నవాళ్లు, ఏఎన్ఎంలు (గ్రామస్థాయి ఆరోగ్య కార్యకర్తలు), జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) చదివి ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా ఏటా దాదాపు ఇవే సందేహాలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఇక్కడ చెప్పిన అర్హతలు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఉన్నవి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఏటా ఇచ్చే నోటిఫికేషన్‌దే చివరి మాట.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నాకు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్‌లో చేరొచ్చా?

చేరొచ్చు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు కనీస వయసు 17 ఏళ్లు, గరిష్ఠం 35. కనీస వయసును చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కిస్తారు. పెళ్లి, పిల్లలు అడ్డు కాదు. అయితే 33 అంటే మీ చేతిలో ఉన్నది ఒకటి రెండు అడ్మిషన్ సీజన్లే. ఇంటర్ బైపీసీ పాసై ఉంటే ఈ ఏడాదే ఎంట్రన్స్ రాయండి. బైపీసీ లేకపోతే ఓపెన్ స్కూల్లో చదివి పాసవ్వడానికే ఏడాది పడుతుంది. "పిల్లాడు స్కూల్లో చేరాక చూద్దాం" అనుకునేముందు ఒక కాగితం మీద పుట్టిన తేదీ రాసుకుని లెక్కేసుకోండి.

నాకు 35 దాటింది. ఇక దారే లేదా?

మీ దగ్గర ఏఎన్ఎం రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రిజిస్టరైన ఏఎన్ఎంలకు జీఎన్ఎంలో చేరడానికి వయసు పరిమితి లేదు. 40 ఏళ్ల ఏఎన్ఎం కూడా జీఎన్ఎం చేసి, ఆపై జీఎన్ఎం వాళ్ల కోసం ఉన్న రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు. పోస్ట్ బేసిక్‌కు యూనివర్సిటీ తన నోటిఫికేషన్‌లో విడిగా వయసు పెట్టొచ్చు, అది మాత్రం చూసుకోవాలి.

ఇప్పటిదాకా నర్సింగ్ కోర్సు ఏదీ చేయకపోతే మన దేశంలో తలుపులు మూసుకున్నట్టే. ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ మూడింటికీ 35 ఏళ్లే పరిమితి. ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. కానీ "మేనేజ్‌మెంట్ కోటాలో వయసు చూసుకుంటాం" అని ఎవరైనా హామీ ఇస్తే డబ్బు కట్టకండి. నిబంధనకు విరుద్ధంగా చేరితే ఆ లోపం పరీక్షల దగ్గరో రిజిస్ట్రేషన్ దగ్గరో బయటపడుతుంది. అప్పటికి ఫీజులన్నీ కట్టేసి ఉంటారు.

ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ, పోస్ట్ బేసిక్ అంటుంటే గందరగోళంగా ఉంది. తేడా ఏంటి?

ఏఎన్ఎం రెండేళ్లు. సబ్ సెంటర్లు, టీకాలు, గర్భిణుల సంరక్షణ లాంటి గ్రామస్థాయి పనికి పనికొస్తుంది. ఇది ఆడవాళ్లకే. జీఎన్ఎం మూడేళ్ల డిప్లొమా. పూర్తి చేస్తే రిజిస్టర్డ్ నర్సు అవుతారు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల యూనివర్సిటీ డిగ్రీ. జీఎన్ఎం చేసినవాళ్లు రెండేళ్లు చదివి ఆ డిగ్రీ స్థాయికి చేరే కోర్సు పోస్ట్ బేసిక్ బీఎస్సీ. నేరుగా బీఎస్సీలో చేరితే నాలుగేళ్లు, జీఎన్ఎం మీదుగా వెళ్తే ఐదేళ్లు. ఐదేళ్ల దారిలో ఒక సౌకర్యం ఉంది. మూడేళ్లకే ఉద్యోగం చేసి ఇంట్లో డబ్బు సర్దుకుని, వీలున్నప్పుడు మిగతా రెండేళ్లు చదువుకోవచ్చు. ఇంటి బాధ్యతలున్నవాళ్లకు నేను ఎక్కువగా ఇదే చెబుతాను.

నర్సింగ్ హోమ్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. సెలైన్ పెడతాను, ఇంజెక్షన్లు చేస్తాను. ఆ అనుభవంతో నేరుగా డిగ్రీలోకి తీసుకుంటారా?

తీసుకోరు. అనుభవం ఉందని ఒక్క సెమిస్టర్ కూడా తగ్గించరు. ఇంటర్ నుంచే మొదలుపెట్టాలి. ఆరు నెలల "నర్సింగ్ ట్రైనింగ్" సర్టిఫికెట్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ లాంటివి బీఎస్సీకి అర్హత కావు. అలాగని ఆ ఎనిమిదేళ్లు వృథా కూడా కావు. మొదటి వార్డు పోస్టింగ్‌లో మిగతా క్లాసంతా రక్తం చూసి తెల్లమొహం వేస్తే మీరు నిలకడగా నిలబడతారు. కాకపోతే చూసి నేర్చుకున్న కొన్ని పద్ధతులు వదిలించుకోవాల్సి వస్తుంది. మందు పేరు, మోతాదు, పేషెంట్ పేరు ఒకటికి రెండుసార్లు సరిచూడకుండా ఇంజెక్షన్ చేసే అలవాటు వాటిలో మొదటిది.

ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో బీఎస్సీ నర్సింగ్ చేయొచ్చా?

నాలుగేళ్ల బీఎస్సీకి దూరవిద్య లేదు, సాయంత్రం కాలేజీ లేదు. ఎవరైనా ఉందంటే అది మోసమే. ఉద్యోగంలో ఉన్న రిజిస్టర్డ్ నర్సులకు మాత్రం ఇగ్నో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ నడుపుతోంది. కనీసం మూడేళ్లు పడుతుంది. జీఎన్ఎం, నర్సు మరియు మంత్రసాని రిజిస్ట్రేషన్, రెండేళ్ల పని అనుభవం ఉండాలి, ఎంట్రన్స్ రాయాలి. పేరుకు దూరవిద్యే అయినా స్టడీ సెంటర్‌లో తరగతులకు, అనుబంధ ఆసుపత్రిలో ప్రాక్టికల్స్‌కు వెళ్లక తప్పదు. సెలవుల సంగతి పనిచేసే చోట ముందే మాట్లాడుకోండి.

మగవాళ్లు చేరొచ్చా?

జీఎన్ఎం, బీఎస్సీ, పోస్ట్ బేసిక్ మూడింటికీ మగవాళ్లు అర్హులే. అయితే కొన్ని సంస్థల్లో ఆడవాళ్లకే సీట్లు. ఢిల్లీ ఎయిమ్స్‌లో బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ అలాంటిదే. దరఖాస్తు ఫీజు కట్టేముందు సీట్ల పట్టిక చూసుకోండి.

## ఇంటర్, అర్హతలు

పదో తరగతితో ఆపేశాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఓపెన్ ఇంటర్ నుంచి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ, జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ ఉన్నాయి. రోజూ కాలేజీకి వెళ్లక్కర్లేదు. ఎన్ఐఓఎస్‌లో ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల దాకా తొమ్మిది అవకాశాలిస్తారు.

సబ్జెక్టులు ఎంచుకునే దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ నాలుగూ ఉండాలి. ఐదోది మీ ఇష్టం. ఓపెన్ స్కూల్లో భాషగా తెలుగు ఒక్కటే తీసుకుని పాసైపోవచ్చు. పాసైనట్టు సర్టిఫికెట్ కూడా వస్తుంది. కానీ ఇంగ్లిష్ లేని ఆ మెమోతో నర్సింగ్ సీటు రాదు. స్టడీ సెంటర్‌లో ఫారం నింపే అతను "అక్కా, తెలుగైతే తేలికగా పాసవుతారు" అని సాయం చేస్తున్నట్టే చెబుతాడు. ఒప్పుకోకండి.

ఓపెన్ ఇంటర్ సర్టిఫికెట్‌ను హెల్త్ యూనివర్సిటీ ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఓపెన్ స్కూల్, ఎన్ఐఓఎస్ రెండింటినీ నర్సింగ్ కౌన్సిల్ అర్హత కింద పేర్కొంది. సైన్స్ సబ్జెక్టులు, ఇంగ్లిష్ ఉండి, కావలసిన శాతం రావాలి. ఊరూ పేరూ తెలియని "బోర్డు" నుంచి మూడు నెలల్లో ఇంటర్ ఇప్పిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఇంటర్ సీఈసీ చదివాను. సైన్స్ లేకుండా ఏదైనా దారి ఉందా?

జీఎన్ఎం ఉంది. ఏ గ్రూపు ఇంటర్ అయినా 40 శాతం మార్కులు, అందులో ఇంగ్లిష్‌లో విడిగా 40 శాతం ఉంటే అర్హులే. ఈ ఇంగ్లిష్ షరతు చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మన ఇంటర్ బోర్డులో పాస్ మార్కు 35. కాబట్టి 36 మార్కులతో ఇంగ్లిష్ పాసైనవాళ్లు ఇంటర్ పాసైనా జీఎన్ఎంకు పనికిరారు. పాత మెమో ఒకసారి బయటికి తీసి చూసుకోండి. ప్రభుత్వ స్కూళ్లలో సీట్లు తక్కువ, సైన్స్ వాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి సీఈసీ వాళ్లకు ఎక్కువగా ప్రైవేటు సీట్లే దొరుకుతాయి.

సీఈసీతో నేరుగా బీఎస్సీ నర్సింగ్ కుదరదు. జీఎన్ఎం చేశాక పోస్ట్ బేసిక్ మీదుగా డిగ్రీకి వెళ్లొచ్చు.

ఎంపీసీ చేశాను. బయాలజీ ఒక్కటి కట్టుకుంటే సరిపోతుందా?

ఓపెన్ స్కూళ్లలో విడి సబ్జెక్టు కట్టుకునే వీలుంది. కానీ రెండు బోర్డుల మెమోలు పట్టుకుని సర్టిఫికెట్ల పరిశీలనలో వాదించే పని పెట్టుకోవద్దని నా సలహా. వయసు అనుమతిస్తే ఓపెన్‌లో నాలుగు సబ్జెక్టులూ మళ్లీ రాసి ఒకే మెమో తెచ్చుకోండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ మీకు కొత్త కావు. ఎంపీసీతో జీఎన్ఎంలో అయితే నేరుగా చేరొచ్చు.

ఒకేషనల్ ఇంటర్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్ (మహిళా ఆరోగ్య కార్యకర్త కోర్సు) చేశాను. బీఎస్సీకి అర్హత ఉందా?

బయలాజికల్, ఫిజికల్ సైన్సెస్ బ్రిడ్జి కోర్సు పాసై ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ బైపీసీతో సమానంగా చూస్తారు. బ్రిడ్జి కోర్సు చేయకపోతే జీఎన్ఎం దారి పట్టాలి. మీ కాలేజీ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు పొందినదై ఉండాలన్నది అక్కడ షరతు.

బైపీసీలో 42 శాతమే వచ్చింది. ఏం చేయాలి?

బీఎస్సీకి ఇంగ్లిష్‌లో విడిగా పాసవ్వాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీలకు 40. మొత్తం మార్కుల శాతం, ఈ సబ్జెక్టుల శాతం ఒకటి కాకపోవచ్చు. సంస్కృతంలో వచ్చిన 95 ఇక్కడ కలవదు. ఈ మూడు సైన్స్ సబ్జెక్టులు మాత్రమే కూడి చూసుకోండి. తక్కువైతే జీఎన్ఎం, లేదా ఓపెన్‌లో మళ్లీ ఇంటర్.

నాకు బీకాం డిగ్రీ ఉంది. రెండో ఏడాదిలోకి లాటరల్ ఎంట్రీ ఇస్తారా?

లేదు. ఇంజినీరింగ్‌లో ఉన్నట్టు నర్సింగ్‌లో లాటరల్ ఎంట్రీ లేదు. డిగ్రీ, పీజీ ఎన్ని ఉన్నా ఇంటర్ మార్కులే చూస్తారు. జీఎన్ఎం చేసినవాళ్లు కూడా బీఎస్సీ రెండో ఏడాదిలోకి రాలేరు, వాళ్లకు పోస్ట్ బేసిక్ ఉంది.

జీఎన్ఎం ఎత్తేస్తున్నారట కదా? చేరితే ఆ డిప్లొమా చెల్లుతుందా?

ఆ మాట కొన్నేళ్లుగా వినిపిస్తూనే ఉంది, కోర్సు నడుస్తూనే ఉంది. అంతా డిగ్రీ స్థాయికి మారాలన్న ఆలోచన నిజమే. కానీ గుర్తింపు ఉన్న స్కూల్లో చదివి రిజిస్టరైన నర్సు రిజిస్ట్రేషన్ కోర్సు ఆగిపోయినంత మాత్రాన పోదు. చట్టం మాత్రం మారింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అడ్మిషన్ పద్ధతుల్లో మార్పులు రావొచ్చు కాబట్టి మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

## ఎంట్రన్స్, కాగితాలు

చదువు మానేసి పదిహేనేళ్లయింది. ఈఏపీసెట్ రాయగలనా?

రెండు రాష్ట్రాల్లోనూ బీఎస్సీ నర్సింగ్ ఇప్పుడు ఈఏపీసెట్ కోర్సుల జాబితాలో ఉంది. మీరు రాయాల్సింది అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం. మూడు గంటలు, 160 ప్రశ్నలు. బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రశ్నలు ఇంగ్లిష్‌తోపాటు తెలుగులోనూ కనిపిస్తాయి.

సగం పేపర్ జీవశాస్త్రమే అన్నది మీకు అనుకూలం. ఇన్నేళ్ల తర్వాత ఫిజిక్స్ లెక్కల దగ్గర మొదలుపెడితే రెండో వారానికే పుస్తకం అటక ఎక్కుతుంది. తెలుగు అకాడమీ బోటనీ, జువాలజీ పుస్తకాలు ముందు పూర్తి చేయండి. మానవ శరీరానికి సంబంధించిన పాఠాలు ఎలాగూ మొదటి సెమిస్టర్ అనాటమీలోనూ పనికొస్తాయి. తర్వాత కెమిస్ట్రీ. ఫిజిక్స్‌లో సూత్రం పెడితే జవాబు వచ్చే లెక్కలు చాలు. మీరు పోటీ పడుతున్నది అగ్రికల్చర్ బీఎస్సీ ర్యాంకు కోసం కాదు.

టెన్త్ మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఇబ్బంది అవుతుందా?

అవుతుంది. పెళ్లయ్యాక చదువుకొచ్చే ఆడవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. దరఖాస్తు మొదలుకొని నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా అన్నీ టెన్త్ మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీతోనే నడుస్తాయి. ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం మార్పించుకోవడం తేలిక. టెన్త్ మెమోను ఆధార్ ప్రకారం మార్పించడం నరకం. బ్యాంకు ఖాతా పేరు కూడా దానికి సరిపోయేలా చూసుకోండి, లేకపోతే స్కాలర్‌షిప్ డబ్బు వెనక్కి పోతుంది. పెళ్లి సర్టిఫికెట్ ఒకటి దగ్గర ఉంచుకోండి. చదువు మధ్యలో మాత్రం ఏ కాగితంలోనూ ఇంటిపేరు మార్చకండి.

మధ్యలో చాలా ఏళ్లు ఖాళీ ఉంది. గ్యాప్ సర్టిఫికెట్ కావాలా?

కొన్ని కాలేజీలు నోటరీ చేసిన అఫిడవిట్ అడుగుతాయి, కొన్ని అడగవు. ఆ ఏళ్లలో ఎక్కడా చదవలేదని, ఏం చేస్తున్నారో రాసి ఇస్తే సరిపోతుంది. దానికంటే ముందు వెతకాల్సినవి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. స్థానికత తేల్చేది అవే. మీరు చదివిన ప్రైవేటు స్కూల్ మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో రికార్డు గురించి అడగాలి. ప్రైవేటుగా, ఓపెన్‌లో చదివినవాళ్లు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టుకోవాలి. ఇంటర్ టీసీ పోతే డూప్లికేట్‌కు కాలేజీ తిప్పలు పెడుతుంది, కౌన్సెలింగ్ వారంలో మొదలుపెట్టకండి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు పుట్టింటివా, అత్తింటివా?

కులం పుట్టుకతో వచ్చేదే, పెళ్లితో మారదు. తండ్రి వివరాలతోనే తీసుకోవాలి. ఆదాయం మాత్రం ఇప్పుడు మీరున్న కుటుంబానిది, అంటే భర్త ఆదాయంతో చూస్తారు.

బెంగళూరులో సీటు ఇప్పిస్తాం, కాలేజీకి రాకపోయినా పర్లేదు అంటున్నారు. చేరొచ్చా?

వద్దు. ఇంటిపట్టున ఉండి డిగ్రీ తెచ్చుకోవచ్చన్న ఆశ పిల్లలున్న తల్లులకే ఎక్కువ ఉంటుందని ఏజెంట్లకు బాగా తెలుసు. "పరీక్షలకు వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అంటారు. నర్సింగ్‌లో పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగ్‌లన్నీ నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. దొంగ హాజరుతో వచ్చిన డిగ్రీ బయటపడకపోయినా, మొదటి ఉద్యోగంలో నాసోగ్యాస్ట్రిక్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) చేతికిచ్చి పెట్టమన్నప్పుడు ఏం చేస్తారు?

బయటి రాష్ట్రంలో చదవడం తప్పేం కాదు. బెంగళూరు, మంగళూరులో మంచి కాలేజీలున్నాయి. కాకపోతే డబ్బు కట్టేముందు మూడు చూడండి. ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, యూనివర్సిటీ అనుబంధం, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఏడాదివారీ జాబితాలో కాలేజీ పేరు. చివరిదాంట్లో మీరు చేరే ఏడాదికి పేరు ఉందో లేదో చూడాలి. నాలుగేళ్ల కిందటి సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టి రిసెప్షన్‌లో తగిలిస్తే సరిపోదు. అది లేకుండా చదివి వచ్చినవాళ్లు సొంత రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కోసం తిరగడం చూస్తూనే ఉన్నాం.

## డబ్బు

ఫీజు రీయింబర్స్‌మెంట్ నా వయసువాళ్లకు వస్తుందా?

సీటు వచ్చినంత మాత్రాన వస్తుందని అనుకోవద్దు. స్కాలర్‌షిప్ నిబంధనల్లో వయసు పరిమితి విడిగా ఉంది. మీ కేటగిరీకి ఎంతో తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి పోర్టల్‌లో చూడండి. కన్వీనర్ కోటా సీటుకే వస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. ఇంకో చిక్కుంది. ఇంతకుముందు బీకాంకో బీఏకో స్కాలర్‌షిప్ తీసుకుని ఉంటే, మళ్లీ డిగ్రీ స్థాయి కోర్సుకే ఇవ్వరు. కాలేజీవాళ్లు అడ్మిషన్ రోజు "అదంతా వస్తుందమ్మా" అనేస్తారు. రాకపోతే నాలుగేళ్ల ఫీజు ఎక్కడి నుంచి తేవాలో ముందే లెక్క చూసుకుని చేరండి.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ ఇస్తుందా? నా పేరు మీద ఆస్తి ఏం లేదు.

4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదు. 7.5 లక్షల దాకా ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది. పెళ్లైనవాళ్లకు భర్త లేదా అత్తమామలు సహ రుణగ్రహీతగా ఉండొచ్చు, తల్లిదండ్రులే కానక్కర్లేదు. విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయండి. గుర్తింపు లేని కాలేజీకి బ్యాంకు లోన్ ఇవ్వదు. ఒక విధంగా అదీ మంచిదే, కాలేజీ ఎలాంటిదో బ్యాంకే చెప్పేస్తుంది.

## చదువుతున్న రోజుల్లో

రోజు ఎలా గడుస్తుంది? సాయంత్రానికి ఇంటికి రాగలనా?

మొదట్లో తరగతులు, స్కిల్ ల్యాబ్ ఎక్కువ. వార్డు పోస్టింగ్‌లు మొదలయ్యాక పొద్దున్నే ఏడున్నరకల్లా యూనిఫామ్‌తో వార్డులో ఉండాలి. మధ్యాహ్నం క్లాసులు. సాయంత్రం, రాత్రి పోస్టింగ్‌లు కూడా వస్తాయి. కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఊళ్లకు తీసుకెళ్తారు. చివరిదైన ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్.

ఇంటికొచ్చాక కేస్ స్టడీలు, కేర్ ప్లాన్లు రాయాలి. అసలు భారం ఇదే. మందులు, రక్తపరీక్షల విలువలు, ఏ గంటకు ఏం చేశారో, దానివల్ల పేషెంట్‌లో వచ్చిన మార్పు, అన్నీ చేత్తో పేజీలకు పేజీలు రాయాలి. చిన్నపిల్లలున్నవాళ్లకు రాత్రి తొమ్మిది తర్వాతే సమయం దొరుకుతుంది. పోస్టింగ్ అయిన రోజే రాసేసేవాళ్లు నెగ్గుకొస్తారు. ఆదివారానికి పెట్టుకున్నవాళ్లు మూడు వార్డుల కేసులు కలిపేసుకుని తంటాలు పడతారు. ఇంట్లో ఇంకొకరి సాయం లేకుండా ఈ కోర్సు చాలా కష్టం. చేరేముందు భర్తతోనో అమ్మతోనో అత్తతోనో రాత్రి పోస్టింగ్‌ల సంగతి విడిగా, స్పష్టంగా మాట్లాడండి.

హాస్టల్‌లో ఉండాల్సిందేనా?

కాలేజీని బట్టి. ప్రభుత్వ సంస్థల్లో ఎక్కువగా హాస్టల్‌లోనే ఉండమంటారు. ప్రైవేటులో పెళ్లైనవాళ్లకు డే స్కాలర్‌గా ఒప్పుకునేవి ఉన్నాయి. ఫీజు కట్టేముందు ప్రిన్సిపాల్‌ను నేరుగా అడగండి.

నేను తెలుగు మీడియం. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే కదా?

అవును, పరీక్షలూ ఇంగ్లిష్‌లోనే. మొదటి సెమిస్టర్ బెదరగొడుతుంది. వ్యాకరణం కంటే మాటల ముక్కలు నేర్చుకోవడం ముఖ్యం. "ఐటిస్" అంటే వాపు, "ఎక్టమీ" అంటే కోసి తీసేయడం, "హెపటో" అంటే కాలేయానికి సంబంధించినది అని తెలిస్తే కొత్త మాట కూడా సగం అర్థమవుతుంది. పాస్ మార్కు 50 శాతం, ఇంటర్‌లోలా 35 కాదు.

18 ఏళ్ల పిల్లల మధ్య కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది.

రెండు వారాలే. తర్వాత మీరు క్లాసుకే అక్క అయిపోతారు. ఇబ్బంది నిజానికి ఇంకోచోట ఎదురవుతుంది. మీకంటే చిన్నదైన ట్యూటర్ అందరి ముందు తప్పు పట్టినప్పుడు. దానికి సిద్ధంగా ఉండండి.

చదువు మధ్యలో గర్భం వస్తే?

సీటు పోదు. కానీ పోగొట్టుకున్న క్లినికల్ గంటలు తర్వాత పూర్తి చేయాలి, కొన్నిసార్లు ఒక బ్యాచ్ వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. బీఎస్సీ పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎనిమిదేళ్లు ఉంటుంది కాబట్టి కంగారు వద్దు. విషయం తెలిసిన వెంటనే కాలేజీకి చెప్పండి. ఎక్స్‌రే గదులు, క్యాన్సర్ మందులు కలిపే చోట్లు, అంటువ్యాధుల వార్డుల నుంచి మిమ్మల్ని తప్పించాలి.

మెడికల్ ఫిట్‌నెస్‌లో ఏం చూస్తారు?

వార్డులో గంటల తరబడి నిలబడగలరా, చూపు, వినికిడి, దీర్ఘకాల జబ్బులు. అదుపులో ఉన్న షుగర్, థైరాయిడ్ గురించి దాచకండి. వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు దాన్ని సరిచేసే లెన్సులు, కళ్లద్దాలు వాడే షరతుతో అవకాశం ఉంది. కాళ్లలో 40 నుంచి 50 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు 5 శాతం సీట్లు కేటాయించారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది, సీటు రాకముందే మొదలుపెట్టేయండి.

## డిగ్రీ వచ్చాక

చదువు అయ్యేసరికి 38 వస్తాయి. ప్రభుత్వ ఉద్యోగం వస్తుందా?

ఏ ఉద్యోగమన్నది ముఖ్యం. ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నిర్వహించే నార్సెట్ పరీక్షకు సాధారణ వయసు పరిమితి 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. కాబట్టి 38కి అది మర్చిపోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో పరిస్థితి మెరుగు. తెలంగాణలో 2024లో వచ్చిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46, రిజర్వేషన్ సడలింపులు అదనం. జీఎన్ఎం వాళ్లు కూడా దానికి అర్హులే.

గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టులు బీఎస్సీ నర్సింగ్ వాళ్లతో భర్తీ అవుతున్నాయి. చాలావరకు కాంట్రాక్టు పద్ధతే. రాత్రి డ్యూటీలు లేని పని కాబట్టి పిల్లలున్నవాళ్లు దీన్ని ఇష్టపడుతున్నారు. ప్రైవేటు ఆసుపత్రులు పైకి వయసు అడగవు కానీ, 38 ఏళ్ల ఫ్రెషర్‌కు 22 ఏళ్ల ఫ్రెషర్‌కు ఇచ్చే జీతమే ఇస్తాయి. మొదటి రెండేళ్లు అది మింగుడుపడదు.

రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకోవాలి?

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో. అది లేకుండా నర్సుగా పనిచేయకూడదు. తర్వాత జాతీయ నర్సుల రిజిస్టర్‌లో చేరి ప్రత్యేక గుర్తింపు సంఖ్య తీసుకోండి. పోస్ట్ బేసిక్ చేసినవాళ్లు పాత రిజిస్ట్రేషన్‌కు అదనపు అర్హత చేర్పించుకోవాలి.

ఎమ్మెస్సీ చేసి ట్యూటర్‌గా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్‌లో 55 శాతం, ఏడాది పని అనుభవం ఉండాలి. ఎమ్మెస్సీ రెండేళ్లు. నలభైల్లో వార్డు డ్యూటీలకు నడుం సహకరించనివాళ్లకు ఇది మంచి దారి.

## విదేశాల్లో ఉన్నవాళ్ల ప్రశ్నలు

అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్నాను, ఇండియాలో బీటెక్ చేశాను. నర్సింగ్‌లోకి ఎలా రావాలి?

హెచ్-4 మీద చదువుకోవచ్చు, వీసా మార్చక్కర్లేదు. రెండు దారులున్నాయి. బీటెక్ డిగ్రీని అక్కడి డిగ్రీతో సమానమని మూల్యాంకనం చేయించి, యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్‌లో (వేగంగా పూర్తయ్యే నర్సింగ్ డిగ్రీ) చేరితే ఏడాది, ఏడాదిన్నరలో డిగ్రీ వస్తుంది. ఫీజు ఎక్కువ, ఊపిరి సలపదు. లేదా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి, అక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పాసై, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో బీఎస్ఎన్ పూర్తి చేయొచ్చు. రెండింటికీ ముందుగా అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి కోర్సులు విడిగా చేయాలి. అందుకు సుమారు ఏడాది కలుపుకోండి. చదువులో భాగమైన క్లినికల్స్‌కు అడ్డంకి లేదు, ఉద్యోగానికి మాత్రం పని అనుమతి కావాలి. అది ఎప్పుడొస్తుందో చూసుకోకుండా ఫీజు కట్టకండి.

యూకేలో ఉన్నాం. 40 ఏళ్లు నాకు. ఇక్కడ చేరొచ్చా?

అక్కడ గరిష్ఠ వయసు లేదు. చదువు ఆపేసిన పెద్దవాళ్ల కోసమే యాక్సెస్ టు హయ్యర్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఉంది. 60 క్రెడిట్లు, సాధారణంగా ఏడాది. దానితోపాటు ఇంగ్లిష్, గణితంలో జీసీఎస్ఈ (మన టెన్త్ లాంటిది) స్థాయి అర్హత అడుగుతారు. తర్వాత మూడేళ్ల డిగ్రీ, అందులో దాదాపు సగం ఆసుపత్రి పనే. అయితే స్థిరనివాసం రానివాళ్లకు సాధారణంగా విదేశీ విద్యార్థుల ఫీజు పడుతుంది. ఏడాదికి 5,000 పౌండ్ల లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ కూడా అక్కడి విద్యారుణానికి అర్హులైనవాళ్లకే. కొందరు స్థిరనివాసం వచ్చేదాకా హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా పనిచేసి, అప్పుడు యూనివర్సిటీకి వెళ్తున్నారు. డబ్బు కోణంలో చూస్తే అదే తెలివైన పని.

ఇండియాలో జీఎన్ఎం చేశాను. విదేశాలకు వెళ్లాలంటే బీఎస్సీ తప్పనిసరా?

దేశాన్ని బట్టి. యూకే రిజిస్ట్రేషన్‌కు జీఎన్ఎం, మన దేశంలో రిజిస్ట్రేషన్ ఉంటే దరఖాస్తు చేయొచ్చు. ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, అక్కడికెళ్లాక ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. జర్మనీకి అర్హత గుర్తింపుతోపాటు జర్మన్ భాషలో బీ2 స్థాయి దాకా వెళ్లాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ అలా వెళ్లే నర్సులకు భాషా శిక్షణ ఇప్పిస్తోంది. ప్రైవేటు ఏజెన్సీకి లక్షలు కట్టేముందు టామ్‌కామ్‌లో ఒకసారి అడిగి చూడండి.